ఫోను తీగలో కుట్టుమిషను చప్పుడు

దయ్యం ఉందని ఎవరైనా అంటే మీటరు పెట్టి చూపించమనేవాణ్ణి. నేను బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్‌ని. గనిలో పనిచేసేవాడికి భయపడటానికి నిజమైనవే బోలెడు ఉంటాయి. పైకప్పు బండ, గ్యాసు, తడి చేత్తో ముట్టుకున్న స్విచ్చి. ఇవి చాలక లేనివాటికి కూడా భయపడే తీరిక నాకెప్పుడూ లేదు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. చనిపోయినవాళ్ళు దేవుడి దగ్గర నిద్రపోతుంటారని పాస్టరుగారు చెప్తే సరేనన్నాను. వాళ్ళు లేచి తిరుగుతారని ఆయన కూడా ఎప్పుడూ అనలేదు.

మా పాప ప్రాణం మీదికి వచ్చిన రోజు మా ఇంటి టెలిఫోనులో నేనొక చప్పుడు విన్నాను. ఆ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నన్ను పిరికివాడనుకున్నా ఫర్వాలేదు, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అప్పటికీ ఇప్పటికీ మేముండేది మణుగూరు దగ్గర కంపెనీ క్వార్టరులో. పెరటి గోడ దాటితే టేకు చెట్లు, వాటి వెనక అడవి. అప్పట్లో ఇంట్లో నేను, నా భార్య రూతు, నాలుగేళ్ళ మా పాప స్నేహ. మా అమ్మ కూడా మాతోనే ఉండేది. ఆమె పోయిన ఏడాదికి మా ఊరి ఫోను లైన్ల మీద బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం మొదలుపెట్టారు. రెండువేల దశకం చివరి రోజులవి. రూతుకు హైదరాబాదులోని ఒక కంపెనీ ఇంటి దగ్గర కూర్చుని చేసే టైపింగు పని ఇచ్చింది కాబట్టి కాలనీలో అందరికంటే ముందు మేమే పెట్టించుకున్నాం.

ఇంటి లోపలి వైరింగు నేనే చేశాను. గనిలో గోడ వెంట కరెంటు కేబులూ ఫోను కేబులూ అన్నీ పక్కపక్కనే, ఒకే కొక్కేల మీద పోతాయి. వాటికి పైన ఇనప తొడుగు ఉంటుంది కాబట్టి ఒకదాని గోల ఇంకొకదానికి అంటదు. నేను అదే అలవాటుతో ఇంట్లో సన్నటి ఫోను తీగను కరెంటు వైర్ల పక్కన, అదే చెక్కపట్టీ మీద, ముచ్చటగా క్లిప్పులు కొట్టి తీసుకెళ్ళాను. చూసినవాళ్ళందరూ పనంటే ఇలా ఉండాలన్నారు. మోడెమ్ మీది పచ్చ దీపం మాత్రం మెచ్చుకోలేదు. ఆరుతూ వెలుగుతూ సతాయించేది. ఫోను ఎత్తితే జుయ్యిమని మోత. రూతు పంపే ఫైలు సగంలో తెగిపోయేది.

"గని పని గనిల చెయ్యాలె, ఇంట్ల గాదు" అంది రూతు. నాకు చురుక్కుమంది. వృత్తి మీద మాట పడితే నేను ఊరుకోలేను.

మర్నాడే మొత్తం పీకేశాను. ఫోను తీగను కరెంటు వైర్ల నుంచి మూరెడు దూరం జరిపాను. దాటక తప్పని చోట వాటి వెంట పోనివ్వకుండా అడ్డంగా దాటించాను. బల్బులకు వాడే మామూలు వైరు తీసేసి, రెండు తీగలూ ఒకదానికొకటి మెలేసి ఉండే అసలైన టెలిఫోను వైరు వేశాను. అలా మెలేస్తే బయటి గోల రెండింటి మీదా సమానంగా పడి, దానికదే చచ్చిపోతుంది. మోడెమ్‌ను ఫ్రిజ్ పక్కనుంచి తీసి కిటికీ దగ్గర పెట్టాను. ఫోనుకు ముందు ఫిల్టరు డబ్బా తగిలించాను. పెరట్లో గుంట తవ్వి ఉప్పు, కట్టెబొగ్గు వేసి కొత్తగా ఎర్తింగు చేశాను. బొగ్గు ఊళ్ళో ఉండి కట్టెబొగ్గు కోసం ఊరంతా తిరిగినందుకు మల్లేశన్న, అంటే మా ఎదురింటాయన, చాలా రోజులు నవ్వాడు.

మోత పోయింది. ఫోను ఎత్తితే డయల్ టోన్ తప్ప ఇంకేమీ లేదు. పచ్చ దీపం నిలకడగా వెలిగింది. ఆ వారమంతా నేను ఇంట్లో కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాను.

ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నాను. రూతు ఫోను చెవిన పెట్టుకుని పిలిచింది.

"ఇటు రాండ్రి జర. ఎవరో మిషన్ కుట్టినట్టు వస్తుంది ఇండ్ల."

ఎంగిలి చేత్తోనే వెళ్ళి విన్నాను. కర్రుమని కొంచెం సేపు, ఆగడం. మళ్ళీ కర్రుమని అంతే సేపు, మళ్ళీ ఆగడం. కుట్టుమిషనుకు బిగించే చిన్న మోటారు చేసే గోల అది. నాకు కొత్త కాదు. మా అమ్మకు కాళ్ళ నొప్పులు వచ్చాక ఆమె మిషనుకు మోటారు బిగించింది నేనే. అది తిరిగితే చాలు, రేడియోలో గరగర, టీవీ మీద తెల్ల చుక్కలు. సినిమా మధ్యలో అమ్మ మిషను ముందు కూర్చుంటే మా చెల్లెలు సుజాత లబలబలాడేది.

ఇక్కడ మా అమ్మ చేసే పని గురించి చెప్పాలి. మా చర్చిలో ఎవరు పోయినా శవపెట్టె వడ్రంగి చేస్తాడు. పెట్టె లోపల అంచుల వెంట కొట్టే తెల్లగుడ్డ కుచ్చుల పట్టీలు మా అమ్మ కుట్టేది. అది ఆమెకు ఎవరూ అప్పజెప్పిన పని కాదు, ఎవరూ ఆమె నుంచి తీసుకోనూ లేదు. కబురు రాగానే పొయ్యి మీద కూర ఉన్నా దించేసి మిషను ముందు కూర్చునేది.

కుచ్చుల కుట్టుకు ఒక వరస ఉంటుంది. బెత్తెడు కుట్టి ఆపాలి, వేళ్ళతో మడత పెట్టాలి, మళ్ళీ బెత్తెడు కుట్టాలి. జాకెట్టు కుట్టు అలా ఉండదు, సర్రున పోతుంది. ముందు పక్కలకు రెండు పొడుగు పట్టీలు, తర్వాత కాళ్ళవైపుది. తలవైపు పట్టీ చివర. అది మొదలుపెట్టే ముందు అమ్మ మిషను ఆపి, గుడ్డ మీద రెండు చేతులూ ఉంచి, పోయినవాళ్ళ పేరు చెప్పి ప్రార్థన చేసుకునేది. పేరు చెప్పనిదే తలవైపు పట్టీకి సూది దించేది కాదు. ఎందుకని చిన్నప్పుడు అడిగాను.

"ఎవరి తలకాయ కిందికో తెల్వకుండ ఎట్ల కుడ్తం బిడ్డా" అంది.

ఆ మధ్యాహ్నం ఫోనులో నేను విన్నది ఆ వరసే. రెండు పొడుగువి, ఒక పొట్టిది, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, తర్వాత ఇంకో పొట్టిది. అయిపోయాక డయల్ టోన్ వచ్చింది. చేతికంటిన అన్నం ఎండిపోయింది. రూతుతో మాత్రం పక్క వీధిలో ఎవరో కుడుతున్నారులే అన్నాను.

అమ్మ మిషను మా ఇంట్లో లేదు. ఆమె పోయాక సుజాత మధిరకు తీసుకెళ్ళింది. మధిరలో మోటారు తిరిగితే మణుగూరులో ఫోనుకు గోల రాదు. ఆ సంగతి చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

ఆ సాయంత్రం చర్చి నుంచి కబురు వచ్చింది. రిటైరైన ఒక పెద్దాయన పోయాడు. చాలాకాలంగా మంచంలో ఉన్న మనిషి. నేను ఆ రెండిటికీ ముడి పెట్టలేదు.

ఆ చప్పుడు రెండోసారి వానలు పడ్డాక వచ్చింది. ఈసారి నేను పట్టుదలగా వెతికాను. ఇంటి మెయిన్ స్విచ్చి కట్టేశాను. టెలిఫోనుకు కరెంటు ఎక్స్‌ఛేంజి నుంచి వస్తుంది కాబట్టి ఇంట్లో కరెంటు లేకున్నా అది పనిచేస్తుంది. చప్పుడు ఆగలేదు. ఇంతలో కాలనీ మొత్తానికే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయి అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. ఆ ఊళ్ళో ఏ మోటారూ తిరగని ఆ కొద్దిసేపట్లో మా ఫోనులో మోటారు తిరుగుతూనే ఉంది. రాత్రికి మా వీధి చివర ఉండే, మా చర్చికే వచ్చే షుగరు జబ్బు ఆమె పోయింది.

"ఇది అత్తమ్మే" అంది రూతు.

నేను కస్సుమన్నాను. చదువుకున్నదానివి అలాంటి మాటలేమిటన్నాను. వెళ్ళి ఫోనువాళ్ళ లైన్‌మన్‌ను వెంటబెట్టుకొచ్చాను. అతను స్తంభం ఎక్కి, జాయింటులోకి నీళ్ళు పోయాయని చెప్పి, కోసేసి కొత్తగా కట్టాడు. చూశావా అన్నట్టు రూతు వైపు చూశాను. ఆమె నా ముఖం చూడకుండా టైపు చేసుకుంటూ కూర్చుంది.

మూడోసారి వచ్చినప్పుడు పట్టీలు పొట్టిగా ఉన్నాయి. మొదలుపెట్టీ పెట్టగానే అయిపోయాయి. అమ్మ చిన్న పెట్టెలకు కుట్టిన రోజుల్లో ఆమెకు ఆ పనికి పట్టే సేపు అంతే. ఆ రోజుల్లో మాత్రం ఆమె కుట్టడం అయ్యాక కూడా అన్నం తినేది కాదు. అదే రోజు మా చర్చిలో ఒక జంటకు పుట్టిన బిడ్డ దక్కలేదు. రూతు ఏడ్చి, ఫోనును తువాలులో చుట్టి అలమారలో పెట్టింది. తీగ మాత్రం పీకలేదు, మోడెమ్ దాని మీదే కదా. ఆ తర్వాత నుంచి ఇద్దరం పైకి చెప్పుకోకుండానే ఆ పచ్చ దీపం వైపు చూస్తూ బతికాం.

అలాంటి రోజుల్లో స్నేహకు జ్వరం వచ్చింది.

ఊళ్ళో డాక్టరుకు చూపించాం. ఆయన మాత్రలిచ్చి, రేపటికి తగ్గకపోతే రక్తం పరీక్ష చేద్దామన్నాడు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. అప్పటికి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, అంతే. మాత్ర వేసుకుని పిల్ల నిద్రపోయింది. నాకా రోజు సెలవు. మధ్యాహ్నం వాన వెలిసి ఎండ కాస్తోంది. రూతు కంప్యూటరు ముందు కూర్చుంది. నేను మంచం పక్కన కూర్చుని పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాను.

రూతు చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. తలెత్తి చూశాను. పచ్చ దీపం ఆరుతూ వెలుగుతోంది.

ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం. లేచి అలమారలోంచి ఫోను తీసి, తువాలు విప్పి, చెవిన పెట్టుకున్నాను. కర్రుమని బెత్తెడు, మడత. కర్రుమని బెత్తెడు, మడత. మొదటి పట్టీ తొందరగా అయిపోయింది. పొట్టిది. ఇంకొక బెత్తెడు ఉంటుందేమో, పెద్దవాళ్ళ పట్టీ అవుతుందేమో అని ఎదురుచూశాను. రాలేదు. ఒకరికి పెద్ద పెట్టె కావాలని నేను కోరుకుంటున్నానని కూడా నాకప్పుడు తోచలేదు.

రెండో పట్టీ కూడా అంతే. రూతు నా ముఖం చూసింది. వెళ్ళి స్నేహను కుదిపి లేపడం మొదలుపెట్టింది. స్నేహా, స్నేహా అని పిలుస్తోంది. పిల్ల పలకడం లేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూపు మా మీద లేదు.

మూడోది, కాళ్ళవైపుది, ఇంకా చిన్నది. అది కూడా అయిపోయింది. మిషను ఆగింది.

ఆ ఆగడం నాకు తెలుసు. గుడ్డ మీద రెండు చేతులూ పెట్టుకుని అమ్మ కళ్ళు మూసుకునే సేపు అది. ఇంకో క్షణంలో పేరు చెప్తుంది, తర్వాత సూది దిగుతుంది. నాకు అంతకుమించి ఆలోచన రాలేదు. నేను నమ్మేదీ నమ్మనిదీ ఏదీ గుర్తులేదు. వెనక రూతు పిల్లను పేరు పెట్టి పిలుస్తుంటే ఫోను మాట్లాడే వైపు అరచేత్తో మూశాను, ఆ పేరు అటు వినిపించకూడదని. తర్వాత చెయ్యి తీసి, నోరు దగ్గర పెట్టి మాట్లాడాను.

"అమ్మా, పేరు జెప్పకే. నీ కాళ్ళు మొక్కుత, పేరు జెప్పకు."

అటు నుంచి ఊపిరి చప్పుడైనా లేదు. సూది దిగే చప్పుడు కోసం ఒళ్ళంతా చెవి చేసుకుని నిలబడ్డాను. అప్పుడు, ఏమీ జరగనట్టు, డయల్ టోన్ వచ్చింది. దీపం నిలకడగా వెలిగింది.

తలవైపు పట్టీ రాలేదు.

రూతు అప్పటికే పిల్లను దుప్పట్లో చుట్టి గుమ్మంలో ఉంది. మల్లేశన్న జీపు తీశాడు. ఎందుకు, ఏమిటి అని అడగకుండా బండి ఎక్కించి అశ్వాపురం మీదుగా అడవి దారిలో తోలాడు. గుంతల్లో జీపు ఎగిరినప్పుడల్లా రూతు పిల్ల ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేది. నేను ఆమె ముఖం చూసేవాణ్ణి. దారిలో పిల్లకు ఒకసారి ఫిట్స్ వచ్చి చేతులు కొట్టుకున్నాయి. నేను పట్టుకున్నాను. అంత చిన్న చేతులకు అంత బలం ఎక్కడిదో. భద్రాచలం వంతెన మీదికి వచ్చేసరికి కింద గోదావరి నిండుగా, ఎర్రగా పోతోంది. మామూలుగా దండం పెట్టుకునే మల్లేశన్న ఆ రోజు స్టీరింగు మీద నుంచి చెయ్యి కూడా తియ్యలేదు.

దవాఖానాలో రక్తం చూసి మలేరియా అన్నారు. మెదడుకు ఎక్కిందన్నారు. ఆ అడవి పక్కన ఉండేవాళ్ళకు అది కొత్త మాట కాదు, ఆ మాట తర్వాత ఇంటికి రాని పిల్లలు మాకు తెలుసు. సెలైను ఎక్కించిన డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"మంచిగ జల్దీ తెచ్చిన్రు. పొద్దుగూకేదాక చూస్తే నేను గూడ ఏం చెయ్యలేకపోదును" అంది.

రేపటి దాకా ఆగుదామనుకున్నవాళ్ళం మేము. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

స్నేహ బతికింది. కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, బ్రెడ్డు వద్దు మిర్చి బజ్జీ కావాలని అడిగింది. అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

ఊరికి తిరిగి రాగానే ముందు పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను. ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఎవరైనా పోయారా అని అడిగాను. నా మాట విని అమ్మ ఇంకెవరి పిల్ల పేరు చెప్పిందో అన్న భయం దవాఖానాలో ఉన్నన్నాళ్ళూ నన్ను తినేసింది. ఎవరూ పోలేదన్నాడాయన. వాకిట్లోనే కూలబడ్డాను. పిల్ల జబ్బుతో అలిసిపోయాడనుకుని ఆయన మంచినీళ్ళు తెప్పించాడు.

తర్వాత మధిర వెళ్ళి అమ్మ మిషను చూశాను. అది సుజాత ఇంట్లో ఒక మూల, గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే దుమ్ము. సూది తుప్పు పట్టింది, మోటారు బెల్టు ఎండి తెగిపోయింది.

"అమ్మ పోయినప్పటి నుంచి దాన్ని ముట్టుకోలేదన్నయ్యా. దాని ముందు కూర్చుంటే ఏడుపొస్తుంది, కొత్తది కొనుక్కున్నాను" అంది సుజాత.

అక్కడ ఏదైనా దొరికి ఉంటే బాగుండేది. సగం కుట్టిన తెల్లగుడ్డ ముక్కో, వెచ్చగా ఉన్న మోటారో. అప్పుడు ఇదీ సంగతి అని చెప్పుకోవడానికి ఉండేది. ఏమీ లేదు.

ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. చర్చిలో తర్వాత కూడా మనుషులు పోయారు, మా ఫోనులో ఏమీ వినిపించలేదు. తెలిసిన కారణాలన్నీ నేను వరసబెట్టి చూసుకున్నాను. జాయింటులో నీళ్ళు చేరితే గరగర వస్తుంది. అడవి పందులు రాకుండా చేల చుట్టూ పెట్టే కరెంటు కంచె ఉంటే ఫోనులో టిక్కుటిక్కుమని కొడుతుంది. కానీ కంచె ఒకే తీరుగా కొడుతుంది, మడత పెట్టడానికి ఆగదు. పేరు చెప్పడానికి అసలే ఆగదు.

ఇంకొకటి కూడా నాకు తేలలేదు. అమ్మ ఆ రోజు నిజంగా మా పాప కోసమే కుడుతోందా, లేక పిల్లను చూసుకొమ్మని నాకు చెప్పడానికి ఆమెకు ఆ కుట్టు తప్ప ఇంకో మాట లేదా? రూతు రెండోదే అంటుంది. నేను కూడా అదే అనుకోవాలని చూస్తాను. కొన్ని రోజులు అలా అనుకోగలుగుతాను, కొన్ని రోజులు చేతకాదు.

ఈ మధ్య మా కాలనీకి ఫైబరు వచ్చింది. తీగ లోపల గాజు, దాంట్లో పోయేది వెలుతురు. కరెంటు వైరుకు చుట్టబెట్టి తీసుకుపోయినా ఏ గోలా అంటదు. ఒకప్పుడు నేను పడిన పాట్లన్నీ తలుచుకుంటే నవ్వొస్తుంది. బిగించడానికి వచ్చినతను పని అయ్యాక నిచ్చెన మళ్ళీ గోడకు ఆనించి, పాత రాగి తీగ పీకేస్తానన్నాడు. అది ఉండనీ అన్నాను.

"అది సచ్చిపోయిన లైన్ సార్" అన్నాడతను.

అయినా ఉండనీ అన్నాను. అది ఇప్పటికీ కిటికీ పక్కన ఉంది, దాని చివర పాత ఫోను ఉంది. స్నేహ ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ ఫోను తుడిచినప్పుడల్లా డాడీ మ్యూజియం అని నన్ను ఆటపట్టిస్తుంది. చిన్నప్పటి జ్వరం గురించి ఆమెకు తెలుసు. మిగతాది కొంత రూతు చెప్పిందనుకుంటాను.

పోయిన వానాకాలం స్నేహకు మళ్ళీ జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, రక్తపరీక్షలో ఏమీ లేదు. అయినా మధ్యాహ్నం ఆమె పడుకున్నాక నేను వెళ్ళి ఆ ఫోను ఎత్తి చెవిన పెట్టుకున్నాను. దాంట్లో డయల్ టోన్ కూడా లేదు. కాసేపటికి వెనక అలికిడైతే తిరిగి చూశాను. స్నేహ దుప్పటి కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఏమన్న ఇనిపిస్తుందా డాడీ?" అంది.

లేదన్నాను. ఫోను దించబోయాను.

"ఇంక కొద్దిసేపు పెట్టుకో" అని, వచ్చి నా పక్కన కూర్చుంది.